నలభై ఒకటో చాకు

కాశీబుగ్గ,
9 జూన్ 2003.

బావకు,

క్షేమ సమాచారాలు తరవాత. ముందు నా కడుపుమంట చల్లారాలి.

మొన్న సెలవుల్లో వచ్చి, నా కొలిమి దగ్గర స్టూలు మీద కాలు మీద కాలేసుకుని నువ్వన్న మాట మర్చిపోతాననుకున్నావేమో. హరిశ్చంద్రపురం నుంచి వచ్చిన రైతులు ఇద్దరున్నారు, పక్క సైకిల్ షాపు బైరాగి ఉన్నాడు. అందరి ముందూ నా చాకు చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసి, "ఏటి బావా, ఇంకా రివెట్టు కొట్టీసి అమ్మీత్తన్నావా? ఇది సాకు ఇరుసా, ఎడ్లబండి ఇరుసా?" అన్నావు. వాళ్లు నవ్వారు. నా చెల్లెలి మొగుడివి కాబట్టి నేనూ నవ్వాను.

నీకు తెలియనిది చెబుతాను విను. మడిచే చాకుకి ప్రాణం ఇరుసులో ఉంటుంది. బ్లేడు ఎంత మంచి ఉక్కుదైనా, పిడిలో అది ఏ మేకు మీద తిరుగుతోందో ఆ మేకు బాగోకపోతే చాకు గిలక్కాయ అవుతుంది. మా నాన్న నేర్పిన పని ఇదీ: మేకు దూర్చి, రెండు పక్కలా ఇత్తడి బిళ్లలు వేసి, మేకు తల మీద చిన్న సుత్తితో కొడుతూ, నాలుగు దెబ్బలకోసారి బ్లేడు తెరిచి చూడాలి. ఒక దెబ్బ తక్కువైతే ఊగుతుంది. ఒక దెబ్బ ఎక్కువైతే బిగుసుకుంటుంది. ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి. నీ కంటికి ఎడ్లబండిలా కనిపించింది అదే.

ముప్పై ఏళ్లలో నా చాకు మొరాయించి ఎవరి వేలూ తెగలేదు. వజ్రపుకొత్తూరు నుంచి బారువ దాకా కొబ్బరి తోటలో దిగే ప్రతి మనిషి మొలలోనూ నా చాకు ఉంటుంది. నువ్వు బాలానగర్ టూల్ రూములో లేత్ తిప్పుతావు, గొప్పే. అంత మాత్రాన నా కొట్లో కూర్చుని నా గిరాకీ ముందు నన్ను నవ్వులపాలు చేసే హక్కు నీకు రాదు. ఇంకోసారి అంటే స్టూలు తీసేస్తాను.

సన్యాసి

బాలానగర్, హైదరాబాద్,
21 జూన్ 2003.

బావకు త్రినాథ్ రాయునది,

కోపం నీకొక్కడికే వస్తుందా? నీ ఉత్తరం చదివాక నాకూ వచ్చింది. మంచి మాట చెబితే ఎగతాళి అంటావు. ముప్పై ఏళ్లుగా ఒకటే మేకు కొడుతున్నానని చెప్పుకోవడం నీకు గొప్పగా ఉందేమో, నాకైతే జాలేస్తోంది.

మా ఓనరుకి విదేశీ చాకుల పిచ్చి. ఒక్కోటి స్కూటరంత ఖరీదు. వాటిని విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించే పని నాకు తప్ప ఎవరికీ ఇవ్వడు. ఈ ఏడాది మూడు విప్పాను. మూడింటి ఇరుసులూ మూడు రకాలు. రాస్తున్నాను, తిట్టుకుంటూనైనా చదువు.

మొదటిది కంచు వాషర్లది. బ్లేడుకి రెండు పక్కలా కాగితమంత పలచని కంచు బిళ్లలు. మధ్యలో స్క్రూ. నీ ఇత్తడి బిళ్లల లాంటివే, కానీ అద్దంలా నున్నగా ఉంటాయి. బ్లేడు తొందరపడదు, మంచి తలుపులా నిదానంగా తెరుచుకుంటుంది. రెండోది బాల్ బేరింగులది. ఆవగింజంత గుండ్లు, బ్లేడుకి ఆ పక్క ఒక వరస, ఈ పక్క ఒక వరస. వేలితో తాకితే చాలు, బ్లేడు ఎగిరి నిలబడుతుంది. చూసేవాడికి ముచ్చటగానే ఉంటుంది. మూడోది బుష్ ఉన్నది. స్క్రూ చుట్టూ చిన్న ఉక్కు గొట్టం, బ్లేడు మందం, వాషర్ల మందం కలిపితే ఎంతో దానికంటే వెంట్రుకలో పదో వంతు పొడుగు. అందుకని స్క్రూని ఎంత బలంగా బిగించినా బిగువు గొట్టం మీదే పడుతుంది, బ్లేడుని నొక్కదు. వదులు కాదు, బిగుసుకోదు. నన్నడిగితే ఇరుసంటే అదీ.

మూడింటికీ లోపల తాళం రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే పలచని రేకు ఒకటి పక్కకి జరిగి, పిడిలో ఉండే బ్లేడు కొస, మడమంటాం, దాని వెనక నిలబడుతుంది. వెనక నుంచి ఎంత నొక్కినా ఇక బ్లేడు మడతపడదు. నీ చాకుకి అది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్టోబరు పదిహేనున మా కంపెనీకి పాతికేళ్లు. నలభై మంది పాత కస్టమర్లకి తలా ఒక చాకు ఇవ్వాలని ఓనరు అనుకుంటున్నాడు. నీది చూపించాను. బ్లేడు చూసి మెచ్చుకున్నాడు. ఇరుసు చూసి పక్కన పెట్టేశాడు. స్క్రూ ఇరుసు, తాళం రేకు పెట్టి చేస్తే నలభై తీసుకుంటానన్నాడు. స్క్రూలు, కంచు వాషర్లు ఇక్కడి నుంచి నేను పంపిస్తాను. గీత గీసిన కాగితం ఇందులోనే పెట్టాను. బ్లేడు మీద నీ పేరే కొట్టుకో. చేతనైతే చెయ్యి. లేదంటే చేతకాదని ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి.

త్రినాథ్

కాశీబుగ్గ,
5 ఆగస్టు 2003.

బావకు,

చేతకాదన్నావు కాబట్టి చేశాను. లేకపోతే నీ కాగితం కొలిమిలో వేసేవాడిని.

నీ మూడు ఇరుసుల మీద నా తీర్పు రాస్తున్నాను. బేరింగులు ఏసీ గదిలో కూర్చున్నవాడికి. ఉద్దానం ఇసకలో ఒక పూట తిరిగితే ఆ గుండ్లు పళ్లు నూరినట్టు నూరతాయి. బుష్ మంచిదే, కాదనను. వెంట్రుకలో పదో వంతు అని తేలిగ్గా రాసేశావు. నాకున్నది ఆకురాయి, మిషన్ కాదు. ఆరు గొట్టాలు రాకి చూశాను. ఆరూ పాడైపోయాయి. కాబట్టి బుష్ లేదు. కంచు వాషర్లు, నీ స్క్రూ, అంతే. స్క్రూ ఎంత తిప్పాలో, మేకు తల ఎంత కొట్టాలో చెప్పిన చెయ్యే చెప్పింది.

తాళం రేకు విషయంలో మాత్రం మూడు వారాలు నా ప్రాణం తీశావు. వెనక్కి వంచిన రేకు వంచినట్టే ఉండిపోయేది, స్ప్రింగులా లేచేది కాదు. పాత గడియారం స్ప్రింగుల కోసం బైరాగిని టెక్కలి దాకా తిప్పాను. ఇప్పుడు టక్కుమని పడుతోంది. ఆ చప్పుడు బాగుంటుందని ఒప్పుకుంటున్నాను, నువ్వు మురిసిపోనక్కర్లేదు.

అన్నీ బిగించాక చివర్న చేయాల్సింది ఎప్పటిలాగే చేశాను. మా నాన్న చేసింది, నేను చేసేది. దాని గురించి నీ విదేశీ చాకులు ఏమంటాయో నాకక్కర్లేదు.

నలభై చాకులు మన లోకనాథం తెస్తున్నాడు. కూతురిని చూడ్డానికి హైదరాబాద్ వస్తున్నాడు. నలభై ఒకటోది నూకరత్నానికి ఇచ్చాను. తెరిచి చూసి, "తాళం టక్కుమంటంది అన్నయ్యా, బాగుంది" అంది. నీ నోటి నుంచి అలాంటి మాట ఎప్పుడైనా వచ్చిందా?

సన్యాసి

బాలానగర్,
18 సెప్టెంబరు 2003.

బావా,

పక్కింటి పెద్దతల్లి నిన్న కంపెనీకి ఫోన్ చేసి చెప్పింది. నూకరత్నం కొబ్బరి చిప్పలోంచి ముక్క లేపుతుంటే నీ చాకు మడతపడి బ్లేడు కుడిచేతి మీద పడిందట. చూపుడు వేలు, మధ్య వేలు. టెక్కలి తీసుకెళ్లి కుట్లు వేయించారట. నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ బూత్ నీ కొట్టుకి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది కదా.

బుష్ ఎందుకు మానేశావు? నేను గీసి పంపాను. కొలతలు వేసి పంపాను. చేతకాకపోతే ఒక మాట రాస్తే నలభై బుష్‌లు నేనే లేత్ మీద తీసి పంపేవాడిని. నీకు అడగడం నామోషీ. బుష్ లేకపోతే స్క్రూ వదులవుతుంది. వదులైతే బ్లేడు ఊగుతుంది. ఊగితే మడమ వెనక నుంచి రేకు జారిపోతుంది. ఇందులో అర్థం కానిది ఏముంది? ముప్పై ఏళ్లుగా నా చాకు ఎవరి వేలూ కొయ్యలేదని జబ్బలు చరుచుకున్నావు, చివరికి నీ చెల్లెలి వేళ్లే కోశావు.

ఫోన్లో నీ గొంతు వింటే నాకు నోటికొచ్చింది వస్తుంది. అందుకే రాస్తున్నాను.

నా బెంచీ మీద ఇంకో నలభై ఉన్నాయి. అక్టోబరు పదిహేనున అవి నలభై మంది చేతుల్లోకి వెళతాయి. అందరికీ పిల్లా పాపా ఉంటారు. లోపం ఆ ఒక్కదానిదా, నలభైదా? నిజం రాయి. ఆ చాకు రిజిస్టర్ పోస్టులో పంపు. నేను విప్పి చూడాలి.

త్రినాథ్

కాశీబుగ్గ,
24 సెప్టెంబరు 2003.

బావా,

నన్ను నిజం రాయమంటావా? నువ్వు?

నా రివెట్టు ఉన్నన్నాళ్లూ ఏ ఇంట్లోనూ నెత్తురు పడలేదు. నీ స్క్రూ మా ఊళ్లో అడుగుపెట్టిన నెలన్నరకి పడింది. రివెట్టు తల ఒకసారి కొట్టాక అది చచ్చినా కదలదు. స్క్రూ బిగించేదీ మనమే, వదులు చేసేదీ మనమే, మధ్యలో దానంతట అదే వదులయ్యేదీ అదే. నేను చూశాను. నూకరత్నం ఇంటికి వెళ్లి, ఆ చాకు చేత్తో పట్టుకుని చూశాను. స్క్రూ వదులైంది. ఇంకేమీ లేదు. నీ స్క్రూ, నీ కాగితం, నీ విదేశీ తెలివి.

పంపమన్నావు కదా. పంపలేను. ఆ చాకు చూస్తుంటే ఒళ్లు మండిపోయి బారువ వెళ్లి సముద్రంలో విసిరేశాను. పోయి వెతుక్కో.

నీ దగ్గరున్న నలభైకి ఏమీ కాలేదు. స్క్రూలు గట్టిగా బిగించుకుని ఇచ్చెయ్యి. ఇక్కడ అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను, అది నా పద్ధతి కాదు, మా బావ తెచ్చిన హైదరాబాద్ పద్ధతి అని. అయినా మొన్న రావివలస నుంచి వచ్చినతను రివెట్టు చాకు కూడా కొనకుండా నా మొహం చూసి వెళ్లిపోయాడు. మా నాన్న పేరు మీద ఇంత మసి పూసింది నువ్వే. ఆ ఉసురు నీకు తగలకపోదు.

సన్యాసి

బాలానగర్,
30 సెప్టెంబరు 2003.

బావా,

ఒంగిపోయిన మేకుని కూడా సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషివి నువ్వు. నీ చేత్తో చేసిన చాకుని, గడియారం స్ప్రింగుతో సహా, సముద్రంలో పారేశావా? ఈ మాట మీ ఆవిడ కూడా నమ్మదు. ఏ బస్సు ఎక్కి వెళ్లావు బారువ? కొట్టు ఏ రోజు మూశావు? నాకు నీ సంగతి తెలుసు. ఆ చాకులో నీకు కనపడింది ఏదో నాకు కనపడకూడదు, అంతే.

స్క్రూలు బిగించి ఇచ్చెయ్యమన్నావు, నలభై నేను చూసుకున్నాను. ఒకటి రెండు కాస్త బిగుతుగా ఉంటే ఉండొచ్చు, కొత్తవి అలాగే ఉంటాయి, అది లోపం కాదు. వాటి సంగతి నాకు వదిలెయ్యి.

నాకు కావలసింది ఒక్క కాగితం. "ఈ నలభై చాకులు నేను చేశాను, వీటిలో లోపం లేదు, ఉంటే పూచీ నాది" అని రాసి, సంతకం పెట్టి పదో తారీకులోపు పంపు. పంపకపోయినా పదిహేనున ఇచ్చేస్తాను. ఎవడి వేలు తెగినా బ్లేడు మీద ఉన్నది నీ పేరు, నాది కాదు. ఇక మీదట నూకరత్నం నీ గుమ్మం తొక్కదు. నేను చెప్పానని చెప్పు.

త్రినాథ్

కాశీబుగ్గ,
5 అక్టోబరు 2003.

అన్నయ్యకు, ఈయనకు,

ఒకే ఉత్తరం రెండుసార్లు రాశాను, ఒకటి కొట్లో ఇవ్వడానికి, ఒకటి హైదరాబాద్ పంపడానికి. ఎడమ చేత్తో. ఒక్కోదానికి ఒక రోజు పట్టింది. ఇంత మెల్లగా రాస్తే మధ్యలో కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు.

అన్నయ్యా, మొన్న నువ్వు టీకి వెళ్లినప్పుడు నీ మేకుల డబ్బాలో ఈయన రాసిన ఉత్తరాలు చదివాను. దొంగతనమే. నువ్వు రాసినవి చూడలేదు కానీ, ఏం రాశావో ఈయన జవాబుల్లోనే తెలిసిపోయింది. నేను నీ గుమ్మం తొక్కకూడదట. ఆ మాట కూడా నీ గుమ్మంలో నిలబడే చదివాను.

చాకు సముద్రంలో లేదు. మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది.

నువ్వు వచ్చిన రోజు మా అరుగు మీద కూర్చుని విప్పావు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేను నీ ఎదురుగానే ఉన్నాను. లోపల చూడగానే నీ మొహం మాడిపోయింది. గబగబా బిగించేసి, "స్క్రూ వదులైంది సెల్లీ, మరేట్లేదు. నాను పట్టికెల్తాను, ఇలాగియ్యి" అన్నావు. నేను ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధం ఆడితే నా వైపు చూడవు. ఆ రోజు ఇంటి చూరు వైపు చూశావు.

నువ్వు వెళ్లాక రూపాయి బిళ్లతో నేనే విప్పాను. మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమ చేత్తో. కంచు వాషరుకీ బ్లేడుకీ మధ్య నల్లటి జిగురు గట్టిపడి ఉంది. గోటితో గీస్తే రాలేదు. వాసన చూశాను. పన్నెండేళ్లుగా జీడి కంపెనీలో పిక్కల మధ్య కూర్చుంటున్నాను. జీడి నూనెని నిద్రలో కూడా పోల్చుకుంటాను.

ఈయనకి తెలియదేమో, రాస్తున్నాను. అన్నయ్య చాకు పూర్తిగా బిగించాక, పిడికీ మేకు తలలకీ జీడి నూనె రాసి బొగ్గుల సెగ మీద వెచ్చబెడతాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా, పిడికి చెద పట్టకుండా. పడవలకీ గుమ్మాలకీ మన వైపు అందరూ రాసేదే. మా నాన్న కూడా అలాగే చేసేవాడు. రివెట్టు తల కొట్టి మూసేస్తే లోపలికి నూనె పోయే సందు లేదు. స్క్రూ తల చుట్టూ సందు ఉంది. నూనె దిగింది. సెగకి చిక్కబడింది. నెల తిరిగేసరికి లక్కలా అయింది. ఇందులో ఇరుసు తప్పు లేదు. స్క్రూ తప్పూ లేదు, బుష్ తప్పూ లేదు. కొత్త ఇరుసుకి పాత నూనె రాయడం తప్పు.

మొదట్లో తాళం టక్కుమనేది. తరవాత ఆ చప్పుడు ఆగిపోయింది. నేను గమనించాను, వస్తువు పాతబడిందిలే అనుకున్నాను. బ్లేడు చివరిదాకా తెరుచుకోకముందే జిగురుకి ఆగిపోయేది. బిగుతుగా ఉంది కదా, తాళం పడిందని నమ్మాను. రేకు మడమ అంచు మీద మాత్రమే ఉంది. చిప్పలో పెట్టి లేపగానే మడతపడింది.

అన్నయ్యా, నువ్వు తెలియక నూనె రాశావు. దానికి నేను ఏమీ అనను. తెలిశాక పది రోజులకి పైగా నోరు మూసుకుని కూర్చున్నావు. అక్కడ నలభై ఉన్నాయని తెలుసు. నలభైకీ అదే నూనె రాశావని తెలుసు. బిగించి ఇచ్చెయ్యమని రాశావు. నీ పేరు పోతుందని నలభై మంది వేళ్లు పణం పెట్టావు. మా నాన్న ఉంటే నిన్ను ఆ దాగలి దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టేవాడు.

ఇంక ఈయనకి. దెబ్బ తగిలిన మూడో రోజు నన్ను బూత్‌కి పిలిపించి ఫోన్లో మీరు అడిగిన మొదటి మాట, "చాకు ఎలా పట్టుకున్నావు?" రెండో మాట, "బ్లేడు పక్కకి ఊగిందా, తిన్నగా మడతపడిందా?" బయట అయిదుగురు నిలబడి ఉన్నారు. నా చెయ్యి సలుపుతోంది. నేను ఫోన్ పెట్టేశాను. లైను కట్టయిందనుకుని మళ్లీ చేసి మళ్లీ అదే అడిగారు. మీరు అన్నయ్యకి రాసిన ఉత్తరాల్లో ఇరుసు అన్న మాట ఉంది, స్క్రూ అన్న మాట ఉంది, బుష్ అన్న మాట లెక్కలేనన్నిసార్లు ఉంది. నా వేళ్ల మాట ఒక్క ఉత్తరంలోనే ఉంది. అది కూడా ఏ వేళ్లో చెప్పడానికి, అన్నయ్యని పొడవడానికి. ఎవరి పద్ధతి గొప్పదో తేల్చుకోవడానికి నా చెయ్యి మీకు భలే దొరికింది.

నలభై చాకులు విప్పండి. ఇద్దరూ కలిసి విప్పండి. ఒకళ్లు విప్పితే రెండోవాళ్లు అబద్ధం అంటారు. పదిహేనో తారీకు లోపల. లేదంటే మీ ఓనరుకి నేనే ఉత్తరం రాస్తాను. ఎడమ చేత్తో రాయడం వచ్చేసింది.

నూకరత్నం

బాలానగర్,
13 అక్టోబరు 2003.

చెల్లికి,

నీ ఉత్తరం నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు. చదివాక నీ ఇంటికి వచ్చే మొహం లేక తిన్నగా స్టేషనుకి వెళ్లి ఫలక్‌నుమా ఎక్కాను. ఇది నేను రాస్తున్నాను, పక్కన మీ ఆయన ఉన్నాడు. సగం కాగితం నాది, సగం అతనిది అని పంచుకున్నాం. అది కూడా గొడవపడే పంచుకున్నాం.

జీడి నూనె సంగతి నిజం. ఆ రోజు నీ అరుగు మీద చూడగానే తెలిసింది. నోరు తెరిచి చెబితే ముప్పై ఏళ్ల పేరు పోతుందని భయమేసింది. భయమని ఒప్పుకోలేక కోపం తెచ్చుకున్నాను. కోపమైతే ఎంతైనా రాయొచ్చు కదా. బారువ వెళ్లలేదు. పారేయలేదు. అదంతా అబద్ధం.

రెండు రోజులు కూర్చుని నలభై విప్పాం. ఇరవై ఆరింటిలో జిగురు ఉంది. అందులో పదకొండు నీ చాకు లాగే తాళం పడకుండా ఆగిపోతున్నాయి. మీ ఆయన చేసిన ఘనకార్యం కూడా విను. చాకులు చేరిన వారానికే అయిదు బిగుసుకుపోయాయట. నాకు ఒక్క ముక్క రాయకుండా ఆ అయిదింటికీ స్క్రూ పావు మలుపు వదులు చేసి పెట్టెలో పెట్టేశాడు. ఓనరుకి తెలిస్తే ఆర్డరు పోతుందని. నాకు పూచీ కాగితం రాయమని ఉత్తరం రాసినప్పుడు ఆ అయిదూ అతని ముందే ఉన్నాయి. నేను తిట్టాను. "నన్ను తిట్టీ హక్కు నీకేటుంది బావా?" అన్నాడు. లేదు. అయినా తిట్టాను.

ఓనరు ముందు నేనే చెప్పాను. నూనె రాసింది నేను, దాచింది నేను అని. ఆయన ఏమీ అరవలేదు. ఒక్కో బ్లేడూ తిప్పి చూసి, పక్కన పెట్టి, "కస్టమర్లకి మీ పలాస జీడిపప్పు డబ్బాలు ఇద్దాంలే" అన్నాడు. అరిచినా బాగుండేది. నలభైనీ కిరసనాయిలులో నానబెట్టి, గీకి, కడిగి వెనక్కి తెస్తున్నాను. ఇరవై అయిదో తారీకుకి వస్తాను.

కింద మీ ఆయన రాస్తాడట.

సన్యాసి

రత్నం,

చాకులు లోకనాథం గారు తెచ్చిన రోజున పెట్టె తెరవగానే జీడి నూనె వాసన వచ్చింది. మన ఊరి వాసన అని ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయాను. ఇరుసులో ఆ నూనె ఏం చేస్తుందో తెలియాల్సినవాడిని నేను. విదేశీ చాకుల ఇరుసులు విప్పేవాడిని కదా. ఒక చుక్క మిషన్ నూనె తప్ప ఏదీ తగలనివ్వకు అని ఆ కాగితం మీద ఒక్క మాట రాస్తే సరిపోయేది. కొలతలన్నీ రాశాను, అది రాయలేదు. స్క్రూలు వదులు చేసిన సంగతి బావ రాశాడు. నిజమే. ఓనరు నన్ను టూల్ రూము నుంచి తీసేసి షెడ్డులో వేశాడు. వెయ్యనీ.

ఫోన్లో నేను అడిగిన మాటలు నీ ఉత్తరంలో చదువుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. వేళ్లు ఎలా ఉన్నాయి?

త్రినాథ్

కాశీబుగ్గ,
18 అక్టోబరు 2003.

అన్నయ్యకు, ఈయనకు,

ఉత్తరం అందింది. ఈసారి ఒకటే రాస్తున్నాను, ఇద్దరూ కలిసి చదవండి.

నలభై విప్పినందుకు సంతోషం. నా కోపం మాత్రం అలాగే ఉంది. మీరు విప్పారు కదా అని తగ్గించుకోవడం నా వల్ల కావడం లేదు. కొన్నాళ్లు పడుతుంది, ఓర్చుకోండి.

కంపెనీకి వెళ్లి చూశాను. పప్పు మీద పొట్టు తీసే పని ఎడమ చేత్తో రావడం లేదు. గంటకి తీయాల్సినదాంట్లో పావు వంతు కూడా కాలేదు, తీసిన వాటిలో సగం బద్దలయ్యాయి. మేస్త్రమ్మ మంచిదే. "పన్నెండేళ్లు సేసినావు, సాల్లే రత్నం, ఇంటికెలిపో" అంది. ఇంటికి రాలేదు. వదిన దగ్గర తాళం చెవి తీసుకుని నీ కొట్టు తెరిచాను అన్నయ్యా.

నీ స్టూలు మీద నేను కూర్చున్నాను. ఇక మీదట రోజూ కూర్చుంటాను. రివెట్టు కొట్టు, స్క్రూ బిగించు, బేరింగులు పెట్టు, ఏదైనా చేసుకో, అందులో నాకు పట్టింపు లేదు. ఏ చాకైనా ముందు నా చేతికి రావాలి. ఎడమ చేత్తో వంద సార్లు తెరిచి మూస్తాను. నెల రోజులు ఉప్పుగాలిలో, ఇసకలో నా దగ్గర ఉంచుకుంటాను. ఆ తరవాతే గుమ్మం దాటుతుంది. నేను వద్దన్నది దాటదు. ఇది మిమ్మల్ని అడగడం లేదు. రావివలస అతను మళ్లీ వచ్చాడు. నూనె సంగతి, నీ అబద్ధం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు నిలబడి విన్నాడు. వచ్చే నెల వస్తానన్నాడు. వస్తాడో రాడో.

ఈయనకి చెప్పేది, సెలవు దొరికితే రండి. దొరక్కపోతే మానేసి రమ్మని నేను అనను. వస్తే మాత్రం ఒక వారం దాకా ఇరుసుల మాట నా ముందు ఎత్తొద్దు.

వేళ్ల సంగతి మీరు ఉత్తరం చివర్న అడిగారు, నేనూ చివర్నే రాస్తున్నాను. మధ్య వేలు నయమైంది. చూపుడు వేలు వంగడం లేదు. లోపల నరం తెగింది, ఇక వంగదు. టెక్కలి డాక్టరు ఆ మాట మొదటి రోజే చెప్పాడు.

నూకరత్నం